పారేయడానికి చెయ్యి రాని వస్తువులు

ఇల్లు మారేటప్పుడో, పెద్దవాళ్లు పోయాక వాళ్ల గది ఖాళీ చేసేటప్పుడో సామానంతా మూడు కుప్పలు పడుతుంది. ఉంచుకునేవి, ఎవరికైనా ఇచ్చేసేవి, పారేసేవి. మొదటి గంట పని చకచకా సాగిపోతుంది. ఆ తర్వాత ఎవరి చేతిలోనో ఒక వస్తువు ఆగిపోతుంది. పట్టీ తెగిన చేతిగడియారమో, ఒక అద్దం పగిలిన కళ్లజోడో, అంచులు చివికిపోయిన నోటుపుస్తకమో. వాడుకోవడానికి పనికిరాదు, అమ్మబోతే కొనేవాడు ఉండడు. అయినా ఆ మూడింట్లో ఏ కుప్పలోనూ వేయడానికి చెయ్యి రాదు. "తర్వాత చూద్దాంలే" అని పక్కన పెడతారు. అలా నాలుగో కుప్ప ఒకటి తయారవుతుంది.

ఒక కుటుంబం తన గురించి తాను ఏమనుకుంటుందో ఈ నాలుగో కుప్పలోనే ఎక్కువ తెలుస్తుంది. ముందుగదిలో అద్దాల బీరువాలో సర్దినవి వచ్చేపోయేవాళ్ల కోసం. వాటిలో కొంత గొప్ప, కొంత మొహమాటం కలిసి ఉంటాయి. అటక మీదికీ, మంచం కిందికీ, సొరుగు అడుక్కీ చేరినవాటిని చూసేవాళ్లు ఉండరు కాబట్టి వాటికి నటించాల్సిన పని లేదు.

ఇంటి గురించి ఇంట్లోవాళ్లు చెప్పేదానికీ, ఇంట్లో వస్తువులు చెప్పేదానికీ ఎంత తేడా ఉంటుందో చెత్తబుట్టల్లో వెతికి చూసిన పరిశోధకుడు ఒకాయన ఉన్నాడు. అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో పనిచేసిన పురావస్తు శాస్త్రవేత్త విలియం రాత్‌జీ 1973లో మామూలు ఇళ్ల చెత్తని, తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్ని చూసినంత శ్రద్ధగా విడదీసి లెక్కకట్టడం మొదలుపెట్టాడు. మద్యం ఎంత తాగుతారని అడిగితే జనం చెప్పిన లెక్క, బుట్టలో తేలిన ఖాళీ సీసాల లెక్క కంటే బాగా తక్కువ వచ్చింది. వాళ్లంతా కావాలని అబద్ధమాడారని అనుకోనక్కర్లేదు. మన ఇంటి గురించి మన మనసులో ఒక బొమ్మ ఉంటుంది, అడిగినవాళ్లకి ఆ బొమ్మనే వర్ణించి చెబుతాం. వస్తువుల్ని బట్టి కుటుంబాన్ని అంచనా వేయాలనుకునేవాళ్లు ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

వస్తువుకీ మనిషికీ ఇంత ముడి ఎందుకు పడుతుందన్నది పాత ప్రశ్నే. మనస్తత్వ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన విలియం జేమ్స్ 1890లోనే, "నేను" అనేదానికీ "నాది" అనేదానికీ మధ్య గీత గీయడం కష్టమన్నాడు. ఒంటి మీది బట్టలు, ఇల్లు, పూర్వీకులు, పేరుప్రతిష్ఠలు అన్నింటినీ ఆయన "నేను"లోనే లెక్కవేశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1988లో, రస్సెల్ బెల్క్ అనే పరిశోధకుడు ఇదే ఆలోచనని ముందుకి తీసుకెళ్లి, మన వస్తువులు మన ఉనికికి కొనసాగింపు అని వాదించాడు. ఇంట్లో దొంగలు పడ్డవాళ్లని అడిగితే ఇది వెంటనే అర్థమవుతుంది. పోయిన సొమ్ము సంగతి అలా ఉంచి, ఎవరో పరాయివాళ్లు బట్టల మడతల్లో చేతులు పెట్టారన్న జుగుప్స వాళ్లని నెలల తరబడి వదలదు.

కానీ బెల్క్ మాట్లాడింది ప్రధానంగా ఒక మనిషి గురించి. కుటుంబం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఒకే వస్తువు ఆ ఇంట్లో అందరిదీ అయినా, అందరికీ ఒకటే కాదు. 1970లలో చికాగో ప్రాంతంలో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి, యూజీన్ రోష్‌బర్గ్-హాల్టన్ అనే పరిశోధకులు కలిసి 82 కుటుంబాల్లో 315 మందిని ఇంటికి వెళ్లి పలకరించారు. తాత తరం, తల్లిదండ్రుల తరం, పిల్లల తరం, మూడింటినీ కలిపి. మీ ఇంట్లో మీకు ప్రత్యేకమైన వస్తువులేవి, ఎందుకు అన్నదే ప్రశ్న. పిల్లలు పాటల పెట్టెలూ ఆటవస్తువులూ చూపించారు, అంటే తాము ఏదో ఒకటి చేయడానికి పనికొచ్చేవి. ముసలివాళ్లు ఫొటోలు చూపించారు. అందరినీ కలిపి లెక్కేస్తే కుర్చీలూ బల్లలూ మంచాల పేర్లే ఎక్కువగా వచ్చాయి. కూర్చోవడానికి హాయిగా ఉంటుందన్నది ఒక్కటే కాదు, వాటితో ముడిపడ్డ జ్ఞాపకాల గురించీ మనుషుల గురించీ కూడా చెప్పారు. ఖరీదు మాట పెద్దగా రాలేదు.

అంటే కొన్ననాటి విలువ ఒకటి, ఇంట్లో ఉండగా పట్టిన విలువ ఒకటి. ఈ రెండోది ఎలా పడుతుందో చెప్పడానికి మానవ శాస్త్రవేత్త ఇగోర్ కొపిటాఫ్ 1986లో ఒక మంచి దారి చూపించాడు. మనిషికి జీవితచరిత్ర ఉన్నట్టే వస్తువుకీ ఉంటుందని, అది కొట్లో ఉన్నప్పుడు సరుకు అనీ, ఒక ఇంటికి చేరి అక్కడి మనుషులతో కలిసిపోయాక అలాంటిది ఇంకొకటి దొరకని వస్తువు అయిపోతుందనీ, మళ్లీ ఏ రోజైనా అంగట్లోకి వచ్చి సరుకుగా మారగలదనీ అన్నాడు. పాతసామాను అమ్మేచోట ఎవరివో పేరు చెక్కిన గిన్నెలు కనబడినప్పుడు మనసు చివుక్కుమనేది ఇందుకే. ఆ గిన్నె చరిత్రలో ఒక అధ్యాయం మన కళ్లముందే మూసుకుపోయి ఉంటుంది.

ఒక కుట్టుమిషను తీసుకుందాం. ప్రపంచంలో ఏ మూలకి వెళ్లినా పాత ఇళ్లలో కనబడే వస్తువు కాబట్టి ఉదాహరణకి పనికొస్తుంది. నల్లటి ఇనుప ఒళ్లు, దాని మీద ఒకప్పుడు బంగారు రంగులో తీగల బొమ్మ. ఆ బొమ్మ అన్నిచోట్లా సమానంగా అరగదు. గుడ్డని నెట్టే చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడ పూర్తిగా పోయి, అందని మూలల్లో కొత్తగానే ఉంటుంది. కింద తొక్కే పలక ఒక పక్క ఎక్కువ అరిగి ఉంటే, తొక్కిన మనిషి ఏ కాలి మీద బరువు వేసేదో తెలుస్తుంది. చెక్కబల్ల అంచున కత్తితో గీసిన సన్నటి గీతలు కొలబద్ద వెతుక్కునే పని లేకుండా పెట్టుకున్న కొలతలు. సొరుగు లాగితే రకరకాల బొత్తాలు, ఏ రెండూ ఒక్కలాంటివి కావు. చిరిగిన చొక్కాల్ని మసిగుడ్డలు చేసేముందు బొత్తాలు ఊడదీసి దాచిన ఇల్లు అది. పొదుపు అనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలికి ఉండకపోవచ్చు. ఆ సొరుగు తెరుస్తూ మూస్తూ పెరిగిన పిల్లలకి అది చెప్పక్కర్లేకుండానే వచ్చేసి ఉంటుంది.

ఇక్కడ కుటుంబ సంస్కృతి అంటున్నది పండగపూట బయటికి తీసే ఘనమైన వ్యవహారం గురించి కాదు. ఏది దాస్తారు, ఏది బాగుచేయించుకుంటారు, ఏది అడగకుండా ముట్టుకోకూడదు, ఏ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, ఏ భాష పుస్తకాలు అందేచోట ఉన్నాయి, ఏ భాషవి పైఅరలో దుమ్ముపట్టి ఉన్నాయి. ఇలాంటి రాయని నియమాలన్నీ వస్తువుల చుట్టూనే అల్లుకుని ఉంటాయి. విరిగిన కుర్చీకాలికి తీగ చుట్టి వాడే ఇల్లూ, వెంటనే మార్చేసే ఇల్లూ ఒకేలాంటి కుర్చీ కొనుక్కుని ఉండొచ్చు. తేడా ఆ తీగలో ఉంది.

అయితే వస్తువు తనంతట తాను ఎంత చెప్పగలదు? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ విషయం మీద రాసేవాళ్లు చాలామంది వస్తువులు మాట్లాడతాయంటూ తేలిగ్గా దాటేస్తారు. పోలండ్‌లోని ఆష్‌విట్జ్ స్మారక మ్యూజియంలో, నాజీలు చంపిన మనుషులు వెంట తెచ్చుకున్న గిన్నెలూ మగ్గులూ పన్నెండు వేలకి పైగా ఉన్నాయి. కొత్తచోట కాపురం పెట్టుకోవాలన్న ఆశతో వంటసామాను సర్దుకొచ్చారు. 2016లో అక్కడి సిబ్బంది ఒక ఎనామెల్ మగ్గుని భద్రపరిచే పనిలో ఉండగా దానికి రెండో అడుగు ఉందని తేలింది. డెబ్బై ఏళ్లలో లోహం తుప్పు పట్టి, పైఅడుగు విడిపోతూ వచ్చింది. దాని కింద చిన్న గుడ్డముక్కలో చుట్టిన ఆడవాళ్ల ఉంగరం, ఒక గొలుసు. బంగారం మీది ముద్రల్ని బట్టి అవి 1921కీ 1931కీ మధ్య పోలండ్‌లో చేసినవని చెప్పగలిగారు.

అంతకంటే ఇంకేం తెలియలేదు. ఎవరి ఉంగరం, ఎవరు పెట్టారు, ఆ దొంగఅడుగు ఎవరు అతికారు, ఆ ఇంట్లో ఇంకెవరికి ఆ సంగతి తెలుసు? దేనికీ జవాబు లేదు. అంత జాగ్రత్తగా దాచిన వస్తువు, అంతకాలం నిలిచిన వస్తువు, తన మనిషి పేరు చెప్పలేకపోయింది. లోహానికి ముద్ర ఉంటుంది, ఇంటిపేరు ఉండదు. వస్తువు వెంట నడవాల్సిన మాట తెగిపోతే మిగిలేది లోహం గురించిన సమాచారమే. ఆ మ్యూజియంలోనే సూట్‌కేసులు మూడువేల ఎనిమిది వందల దాకా ఉంటే, వాటిలో రెండువేల వందకి పైన రాసిన పేర్లున్నాయి. ఆ పేర్లు పట్టుకుని కొన్ని కుటుంబాల జాడ తీయగలిగారు. మగ్గు విషయంలో ఆ వీలు లేదు.

కాబట్టి కుటుంబ గుర్తింపు వస్తువులో ఉండదు, వస్తువు చుట్టూ జరిగే మాటల్లో ఉంటుంది. యునెస్కో 2003లో చేసుకున్న ఒడంబడికలో కూడా ఈ జోడింపు కనబడుతుంది. చేతికి తగలని వారసత్వాన్ని, అంటే ఆచారాల్నీ నైపుణ్యాల్నీ నిర్వచించేటప్పుడు, వాటితో ముడిపడ్డ పనిముట్లనీ వస్తువుల్నీ అదే వాక్యంలో చేర్చారు. రెండింటినీ విడదీస్తే ఏదీ నిలబడదని గ్రహించినట్టే ఉంది. ఇంటి స్థాయిలో చూస్తే, అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల్ని ఇరవై ప్రశ్నలు అడిగే పద్ధతి ఒకటి తయారుచేశారు. అమ్మానాన్నలు ఎక్కడ కలుసుకున్నారో తెలుసా, తాతలు ఎక్కడ పెరిగారో తెలుసా, ఇలాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనబడింది. అయితే జవాబులు బట్టీ పట్టిస్తే ఫలితం రాదని, ఆ కబుర్లు చెప్పుకునే వాతావరణమే అసలు సంగతని డ్యూక్ స్వయంగా హెచ్చరించాడు. ఆ కబుర్లు మొదలవడానికి ఒక సాకు కావాలి. చాలా ఇళ్లలో ఆ సాకు ఏదో ఒక పాత వస్తువు. "ఇదేంటి తాతయ్యా, ఇలా వంగిపోయింది?" అని పిల్లవాడు అడగడంతో మొదలవుతుంది.

ఆ వస్తువుకి బదులు అచ్చం అలాంటిదే కొత్తది పెడితే? బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి ఒక యంత్రం చూపించారు. ఏ వస్తువునైనా అచ్చుగుద్దినట్టు ఇంకోటి తయారుచేస్తుందని నమ్మించారు. మామూలు బొమ్మల విషయంలో పిల్లలు నకలు తీసుకోవడానికి పెద్దగా వెనుకాడలేదు. కానీ రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మో దుప్పటో అయితే తమ పాతదే కావాలన్నారు. కొందరైతే దాన్ని ఆ యంత్రంలో పెట్టడానికే ఒప్పుకోలేదు. పెద్దయ్యాక మనం మారేది ఏమీ లేదు. అమ్మమ్మ చేతిరాతలో ఉన్న పద్దుల పుస్తకాన్ని స్కాన్ చేసి అందరికీ పంపినా, అసలు పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చినవాళ్ల దగ్గర ఇదంతా ఇంకా పదునుగా కనబడుతుంది. తీసుకెళ్లగలిగేది చేతిలో పట్టేంతే కాబట్టి ఏం తీసుకెళ్లారన్నదే ఒక ప్రకటన అవుతుంది. 1948లో ఊళ్లు విడిచిన పాలస్తీనా కుటుంబాల్లో చాలామంది ఇంటి తాళంచెవులు వెంట తీసుకెళ్లారు. ఆ తలుపులు చాలావరకు ఇప్పుడు లేవు. తాళంచెవి మాత్రం మనవల తరానికి అందింది. అమృత్‌సర్‌లో 2017లో తెరిచిన దేశవిభజన మ్యూజియంలో ఒక కుట్టుపనితనం ఉన్న కోటు, ఒక తోలుపెట్టె పక్కపక్కన ఉన్నాయి. పెళ్లి నిశ్చయమై, విభజన అల్లర్లలో చెల్లాచెదురై, శరణార్థి శిబిరంలో అన్నం వరుసలో మళ్లీ ఎదురుపడిన జంటవి అవి. ఆమె తెచ్చుకున్నది కోటు, ఆయన తెచ్చుకున్నది కాగితాలున్న పెట్టె. పారిపోయే వేళ ఆస్తి రుజువులు ఒకరి చేతిలో, అందం ఇంకొకరి చేతిలో. ఏది ఎక్కువ అవసరమని అడిగితే ఆ సమయంలో ఎవరైనా కాగితాలే అంటారు. మనుషులు మాత్రం అవసరాన్ని బట్టే సర్దుకోరు.

ఇంత చెప్పాక వస్తువులు ఆడే అబద్ధాల సంగతి కూడా చెప్పుకోవాలి. వంశానికో గళ్ల గుడ్డ అన్నది స్కాట్లాండ్ గురించి ప్రపంచమంతా నమ్మే విషయం. గళ్లబట్ట నేత పాతదే. కానీ ఫలానా గళ్లు ఫలానా ఇంటిపేరువాళ్లవి అన్న కచ్చితమైన పంపకం చాలావరకు 19వ శతాబ్దంలో ఊపందుకుంది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆధ్వర్యంలో జరిగిన అట్టహాసం దానికి గిరాకీ పెంచింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1842లో, పాత రాతప్రతి ఆధారంగా అంటూ ఇద్దరు అన్నదమ్ములు గళ్ల నమూనాల పుస్తకం ఒకటి అచ్చువేశారు. ఆ రాతప్రతి దొంగదని తర్వాత తేలింది. తమాషా ఏమిటంటే, ఆ నమూనాల్లో కొన్ని ఇప్పటికీ నిక్షేపంగా చలామణిలో ఉన్నాయి. నాలుగైదు తరాలు పెళ్లిళ్లకీ అంత్యక్రియలకీ కట్టుకున్నాక ఆ గుడ్డ ఆ కుటుంబానిది కాదని ఎవరు అనగలరు? పుట్టుక దొంగదైనా వాడకం నిజమే.

ఇంటి ఆల్బమ్‌ది కూడా ఇంచుమించు ఇలాంటి పనే. కుటుంబం తన ఐక్యతని తనకి తాను చూపించుకోవడానికి ఫొటో తీసుకుంటుందని ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త పియర్ బోర్డ్యూ 1965లో రాశాడు. ఏ ఆల్బమ్ తిరగేసినా పుట్టినరోజులు, ప్రయాణాలు, కొత్త బట్టలు. ఆసుపత్రి మంచం, అప్పులవాళ్లు వచ్చిన సాయంత్రం, ఆరేళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు అందులో దొరకరు. ఒక మనిషి ఉన్నచోట కత్తిరించి మళ్లీ అతికించిన ఫొటో ఉంటే మాత్రం అక్కడ ఆగి చూడాలి. ఆల్బమ్ మొత్తంలో నిజం చెప్పే పేజీ అదే కావచ్చు.

ఇంకో లోపం కూడా ఉంది. నిలిచే వస్తువులు అందరివీ కావు. ఇనుము, ఇత్తడి, టేకు, రాత ఉన్న కాగితం నిలుస్తాయి. గుడ్డ, బుట్ట, చీపురు, పొయ్యి నిలవవు. భూమి పత్రాలు ఇంట్లో మగవాళ్ల పేరు మీద ఉండి భద్రంగా బీరువా ఎక్కితే, రోజంతా ఆడవాళ్ల చేతుల్లో నలిగిన సామాను అరిగిపోయి చెత్తలో కలిసింది. అద్దె ఇళ్లు మారుతూ బతికినవాళ్లకీ, వలసకూలీలకీ దాచడానికి అటకే ఉండదు. కాబట్టి వారసత్వ వస్తువులు లేని కుటుంబానికి సంస్కృతి లేదనుకోవడం తెలివితక్కువ. వాళ్లది పాటలో, సామెతలో, ముడి వేసే పద్ధతిలో ఉండి ఉంటుంది.

పంపకాల దగ్గర ఈ విషయాలన్నీ ఒక్కసారే బయటపడతాయి. ఇల్లూ పొలమూ చట్టం ప్రకారమో, పెద్దమనుషుల మాట ప్రకారమో తెగుతాయి. గొడవ వచ్చేది పగిలిన పళ్లెం దగ్గర. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి కుటుంబాల కోసం ఒక కార్యక్రమమే నడుపుతున్నారు. దాని పేరు "బామ్మగారి పసుపురంగు పళ్లెం ఎవరికి?" అన్న అర్థం వచ్చే ప్రశ్న. సమానంగా పంచడం, న్యాయంగా పంచడం ఒకటి కావన్నది అక్కడ నేర్పే మొదటి విషయాల్లో ఒకటి. పళ్లేన్ని రెండు ముక్కలు చేయలేం, దాని వెల కట్టి డబ్బు పంచినా ఎవరికీ తృప్తి ఉండదు. అక్కాచెల్లెళ్లు కొట్లాడుకునేది అమ్మకి ఎవరు ఎక్కువ దగ్గర అన్నదాని మీద. పళ్లెం దానికి సాక్ష్యంగా దొరికింది, అంతే.

వస్తువులు ఊడబెరికితే మనిషికి ఏమవుతుందో గమనించిన సమాజ శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో మానసిక చికిత్సాలయాల గురించి రాశాడు. లోపలికి రాగానే సొంత బట్టలు, దువ్వెన, చిన్నాచితకా సామాను తీసేసుకోవడంతో మనిషి తన గుర్తింపు సరంజామా అంతా పోగొట్టుకుంటాడన్నాడు. 1995లో న్యూయార్క్ రాష్ట్రంలో మూతపడుతున్న విల్లర్డ్ అనే అలాంటి సంస్థ అటక మీద నాలుగు వందలకి పైగా పెట్టెలు దొరికాయి. రోగులు వచ్చినరోజు తీసుకుని పక్కన పెట్టినవి. ఫొటోలు, ఉత్తరాలు, కుట్టుసామాను, ఎవరో ప్రేమగా మడతపెట్టిన బట్టలు. ఆసుపత్రి రికార్డులో జబ్బు పేరుగా మిగిలిన మనుషులు, ఆ పెట్టెల్లో ఎవరికో కూతుళ్లుగా, ఎక్కడినుంచో ఓడెక్కి వచ్చినవాళ్లుగా, ఫలానా పని తెలిసినవాళ్లుగా బయటపడ్డారు.

ఇప్పుడు తయారవుతున్న సామాను సంగతి వేరు. ఫొటోలు, ఉత్తరాలు, పాటలు ఫోన్లో ఉన్నాయి, ఫోన్‌కి లాక్ ఉంది. చనిపోయాక ఖాతాలోని సమాచారం ఎవరికి అందాలో ముందే చెప్పే వీలు గూగుల్ 2013లో, యాపిల్ 2021లో తెచ్చాయి, కానీ ఆ సెట్టింగ్ తెరిచి చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? పాస్‌వర్డ్ తెలిసినా ఇంకో చిక్కుంది. ముప్ఫైవేల ఫొటోల్లో ఏదీ అరగదు, ఏదీ మడత పడదు, ఎక్కువసార్లు చూసిందేదో చూడగానే తెలియదు. పర్సులో పెట్టుకుని తిరిగిన ఒక్క ఫొటో, మూలలు నలిగి, ఆ నలుగుడుతోనే తన విలువ చెప్పేది.

పాత ఫొటోల వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయమని భద్రపరిచే పని తెలిసినవాళ్లు చెబుతారు, పెన్ను సిరా ముందువైపుకి దిగుతుందని. చాలా ఇళ్లలో అలా రాసినవి దొరుకుతాయి కూడా. తిప్పి చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక్క ముక్క ఉంటుంది: "మేమందరం, కొత్త ఇంటి మెట్ల మీద." రాసినవాళ్లకి అప్పుడు పేర్లు రాయాల్సిన అవసరం కనబడలేదు. మెట్ల మీద ఏడుగురున్నారు, చివరన ఉన్న పాప కెమెరా వైపు చూడటం లేదు.